అంకమ్మ పంచిన వారాలు

స్లాబు వేసే రోజున ఆడకూలీలు నిలబడే వరసలో అన్నిటికంటే కష్టమైన చోటు పైమెట్టు. కింద కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర నింపిన ఇనుప గమేళా చేతులు మారుతూ, పరంజా ఎక్కుతూ, చివరికి అక్కడికి చేరుతుంది. అక్కడున్న మనిషి దాన్ని తలకంటే ఎత్తుకు లేపి, పైన నిలబడ్డ మగవాళ్ళ చేతికి అందించాలి. బొల్లాపల్లి చుట్టుపక్కల ఏ ఇంటికి కప్పు పడినా ఇరవై మూడేళ్ళుగా ఆ పైమెట్టు అంకమ్మది. మేస్త్రీలు కూలీలను మాట్లాడుకునేటప్పుడు ముందు అంకమ్మ ఖాళీయేనా అని కనుక్కుని, తర్వాతే మిగతావాళ్ళకు కబురు పెట్టేవారు.

ఆ వరసకు ఒకటే నియమం. చెయ్యి నొప్పి పుడితే పక్కమనిషికి ఇచ్చెయ్యొచ్చు, గమేళాను మాత్రం కింద పెట్టకూడదు. కింద పెడితే వరస ఆగుతుంది. వరస ఆగితే కాంక్రీటు బిగుసుకుంటుంది. పనిలోకి కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకూ అంకమ్మ ముందు నేర్పింది ఇదే.

ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ కప్పులకు మోసిన అంకమ్మకు ఈ ఏడు సొంత కప్పు పడబోతోంది. రేకుల పాక తీసేసి, దాని చోటులోనే గోడలు లేపారు. భర్త వెంకటయ్య పని సెంట్రింగే కాబట్టి చెక్కలూ ఇనుపరేకులూ బయట వెతుక్కునే పని లేదు. జూన్‌లో వానలు పడే లోపల స్లాబు వేసేద్దామని మేస్త్రీ నాగేశ్వరరావు మాటిచ్చాడు. ఆ రోజు పైమెట్టు మీద ఎవరు నిలబడతారో ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరమే లేదు.

అయితే ఏప్రిల్ మొదట్లో, వేరేవాళ్ళ స్లాబు దగ్గర, పదకొండు గంటల ఎండలో, అంకమ్మ కళ్ళ ముందు పరంజా మెల్లగా పక్కకి ఒరిగింది. ఒరిగింది పరంజా కాదు. చేతిలో గమేళా జారి ఇసక కుప్ప మీద పడింది. దెబ్బ ఎవరికీ తగల్లేదు. కానీ వరస ఆగింది. తన వల్ల వరస ఆగడం అంకమ్మకు అదే మొదటిసారి. ఆ సాయంత్రం కోడలు కవిత ఎదురు నిలబడి, "రేపు పేట పోతన్నాం అత్తా. రానంటే మీ అబ్బాయి ఆటోలో కట్టేసి తీసకపోతా," అంది.

వినుకొండ మీదుగా నరసరావుపేట చేరేసరికి పది దాటింది. రక్తం ఇచ్చి, కాగితం వచ్చేదాకా కూర్చుని, డాక్టరమ్మ గదిలోకి వెళ్ళారు. ఆమె కాగితం చూసి, అంకమ్మ కనురెప్ప కిందికి లాగి చూసింది.

"రక్తం ఏడు పాయింటు ఎనిమిది. ఒంట్లో ప్రోటీను కూడా బాగా తక్కువ. ఇంత రక్తంతో గమేళాలు ఎట్లా మోశావమ్మా?"

"అలవాటండి."

"చికెన్ తింటావా?"

"ప్రతి ఆదివారం వండుతానండి."

"వండుతావు సరే. తింటావా?"

అంకమ్మ కొంచెం ఆలోచించింది. "పులుసు పోసుకుంటానండి."

"ముక్కలు?"

"పిల్లలుంటారు గదండి. ఆయన ఉంటాడు. అల్లుడొస్తాడు అప్పుడప్పుడు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "పోనీ మిగతా రోజుల్లో? గుడ్డన్నా తింటావా?"

"గుడ్డు కూడా నీసే గదండి. నాకు వారాలుంటాయి."

అప్పుడు అంకమ్మ వేళ్ళు మడుస్తూ చెప్పింది. కొడుకు కోటిబాబుకు ఐదేళ్ళప్పుడు కామెర్లొచ్చి కళ్ళు పసుపుముద్దలైతే, కోటప్పకొండ సామికి మొక్కుకుని సోమవారం నీసు వదిలింది. వెంకటయ్య పరంజా మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకుంటే వెంకన్నకి శనివారం. కవిత కాన్పు కష్టమైతే బాబాకి గురువారం. ఇంటి స్థలం పట్టా చేతికి రావాలని లక్ష్మమ్మకు శుక్రవారం. నాలుగు వేళ్ళు మడిచి, ఐదోదాని దగ్గర కాస్త ఆగి, "మంగళవారం ఆంజనేయసామికండి. గేదె కోసం," అంది.

"గేదె కోసమా?"

"దూడ అడ్డం తిరిగిందండి. రెండు ప్రాణాలు."

"బతికాయా?"

"నిక్షేపంలా ఉన్నయ్యండి."

"అందరూ నిక్షేపంలానే ఉన్నారు," అంది డాక్టరమ్మ, "నువ్వు తప్ప."

మాత్రలు రాసింది. రోజూ గుడ్డు, పప్పు, ఆకుకూర అంది. వారంలో నాలుగు రోజులు అరచేయంత కోడిమాంసం, తోలు తీసేసి, వేపుడు చేయకుండా, కూరగానే తినమంది. ఫారం కోడైనా నాటుకోడైనా బలానికి పెద్ద తేడా లేదంది. మధ్యమధ్య కార్జం తినమంది. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుందంది.

"జూన్‌లో మా ఇంటి స్లాబండి," అంది అంకమ్మ. "అప్పటికి మొయ్యగలనా?"

"దేవుడి సంగతి నేను చెప్పలేను. గమేళా సంగతి చెప్పగలను. తింటే మోస్తావు. తినకపోతే కుర్చీ వేసుకుని చూస్తావు."

సొంత కప్పుకు కుర్చీ వేసుకుని కూర్చోవడం అనే మాట బొల్లాపల్లి దాకా బస్సులో అంకమ్మ పక్కనే కూర్చుని వచ్చింది.

డాక్టరు మాట వెంకటయ్య శ్రద్ధగా విన్నాడు. ఏడు రోజుల్లో ఐదు పోగా మిగిలినవి ఆదివారం, బుధవారం. ఆదివారం ఎటూ ఉన్నదే. ఎన్నడూ లేనిది బుధవారం కూడా ముప్పావుకిలో పట్టుకొచ్చాడు. "ఇది నీ మందే," అని వంటింట్లో పెట్టాడు. అంకమ్మ తోలు తీయించిన ముక్కల్లో మునగాకు వేసి, నూనె తగ్గించి వండింది. వాసనకి ఇల్లంతా పీటల మీదకి చేరింది.

అలవాటంటే అలవాటే. గరిటె చేతిలో ఉన్న మనిషి కంచాలు చూస్తుంది గానీ తన కంచం చూసుకోదు. కాలు మనవరాలు సౌందర్యకి. రొమ్ము ముక్కలు ఆటో తోలి అలిసొచ్చిన కోటిబాబుకి. కందనకాయ, కార్జం వెంకటయ్యకి. ఆ రెండూ ఆయనకని ముప్పై ఏళ్ళ కింద అత్త చెప్పిన మాట. చివరకు గిన్నెలో పులుసూ, మెడ ముక్కా, మునగాకూ మిగిలాయి. అంకమ్మ నిమ్మకాయ పిండుకుని తృప్తిగా తింది. మందు తిన్నాననే అనుకుంది.

పదిహేను రోజుల తర్వాత మళ్ళీ రక్తం ఇస్తే ఏడూ తొమ్మిది వచ్చింది. డాక్టరమ్మ కాగితం వంకా, ఈసారి తోడొచ్చిన వెంకటయ్య వంకా మార్చి మార్చి చూసింది. పదిహేను రోజుల్లో అతని బుగ్గలు నిండాయి.

"మందు మా అత్తకి రాశారు," అంది కవిత. "బలం మామకి పట్టింది."

"నేనేం చేశా? పెట్టింది తిన్నా," అన్నాడు వెంకటయ్య.

ఆ ఆదివారం సాయంత్రం కవిత చీపురు మూలన పారేసి, పంచలో అందరినీ కూర్చోబెట్టింది. ఇకమీదట గరిటె తనదేనంది. అత్త కంచంలో ముక్కలు పడ్డాకే మిగతా కంచాలు అంది. దానికెవరూ అడ్డు చెప్పలేదు. తర్వాత అసలు మాట ఎత్తింది.

"రెండు రోజుల తిండి చాలదంట. నాలుగు రోజులు కావాలంట. అత్తా, నువ్వు మొక్కిన వారాలు ఎవరికోసం మొక్కావో వాళ్ళకి ఇచ్చెయ్. కామెర్లు తగ్గింది నీ కొడుక్కి. సోమవారం ఆయన్నే ఉండమను."

కోటిబాబు ఫోనులోంచి తలెత్తాడు. "సోమవారమా? సోమవారం మా స్టాండులో ఆమ్లెట్టు..."

"కామెర్లు ఆమ్లెట్టుకొచ్చినయ్యా, నీకొచ్చినయ్యా?"

వెంకటయ్య మెల్లగా లేవబోయాడు. శనివారం సాయంత్రాలు సెంట్రింగు బ్యాచి అంతా సెంటర్లో చికెన్ పకోడీ బండి దగ్గర కలుస్తారని ఆ ఇంట్లో తెలియనిది సౌందర్య ఒక్కదానికే.

"కూర్చో మామా. నీ నడుం శనివారంది."

"దేవుడి కాడ అట్టా మార్పిళ్ళు ఉండవే పిల్లా," అన్నాడు వెంకటయ్య, ఎన్నడూ లేనంత భక్తిగా. "మొక్కినోళ్ళే తీర్చాలి. ఏమే, చెప్పవే."

"ఆయన చెప్పింది నిజం," అంది అంకమ్మ. "నా నోటితో ఇచ్చిన మాట. ఆ మనుషుల్ని సామి నిలబెట్టాడు. ఇప్పుడు నాకు కోడికూర కావాలని మాట తిప్పితే ఏందది? కుర్చీలో కూర్చుంటే కూర్చుంటాలే. కప్పు పడటం ఆగుద్దా ఏంది."

అంటూనే ఆమె లేచి గేదె దగ్గరికి వెళ్ళిపోయింది.

తెల్లవారి సోమవారం. అంకమ్మ పాలు పిండుతూ కూర్చుంది. తలలో రాత్రి మాటలే తిరుగుతున్నాయి. కోటప్పకొండ సామికి తను ఏమని మొక్కిందో జ్ఞాపకం చేసుకుంది. పిల్లవాడిని ఒళ్ళో వేసుకుని, "సామీ, నీ సోమవారం నిలబెడతా," అంది. నిలబెడతానంది. నేనే, నేను మాత్రమే అని అనలేదు. అప్పుడు నిలబెట్టడానికి ఇంట్లో తను తప్ప ఎవరున్నారు? పిల్లవాడికి ఐదేళ్ళు. మొగుడు పని మీద ఊరూరా తిరిగేవాడు. అప్పటికి వరసలో తనొక్కతే. ఇప్పుడు వరసలో జనం ఉన్నారు.

చెంబు నిండింది. అంకమ్మ లేచి చేతులు కడుక్కుని, దీపం వెలిగించి, గోడ మీద కోటప్పకొండ పటం ముందు నిలబడింది. ఆమెకు దేవుడితో గొంతు తగ్గించి మాట్లాడటం తెలియదు. ఇంట్లో అందరికీ వినపడింది.

"సామీ, నీ గమేళా ఇరవై రెండేళ్ళు మోశా. ఇప్పుడు నా చెయ్యి నొప్పెడతంది. కింద పెట్టట్లా. పక్కోడికి ఇస్తన్నా. వాడు నీ కొండ మీద గుండు కొట్టించుకున్నోడే. కింద పెట్టాడంటే వాడూ నువ్వూ చూసుకోండి."

తర్వాత పంచలోకి వచ్చి, పళ్ళు తోముకుంటున్న కొడుకుతో, "ఒరేయ్, ఇయ్యాల్టి నుంచి సోమవారం నీది," అంది. కోటిబాబు నోట్లో నురుగుతోనే తలూపాడు. తల్లి తన కోసం అన్నాళ్ళు ఒక రోజు వదిలేసుకుందని ఎప్పుడూ తెలుసు. ఎన్నాళ్ళని లెక్క మాత్రం ఎప్పుడూ వేసుకోలేదు. "అట్టాగేలే అమ్మా," అన్నాడు, నోరు కడుక్కున్నాక.

గురువారాన్ని కవిత తనే తీసుకుంది. శనివారం దగ్గర వెంకటయ్య కాసేపు తల గోక్కుని, పకోడీ తిననుగానీ బ్యాచిలో కూర్చోవచ్చా అని అడిగి, కూర్చోవచ్చని తేలాక ఒప్పుకున్నాడు. శుక్రవారం మాత్రం అంకమ్మ ఎవరికీ ఇవ్వలేదు. "ఇల్లు ఇంకా పూర్తి కాలా. అది నాదే," అంది.

ఇక మంగళవారం మిగిలింది.

"గేదెకి ఎట్టా ఇస్తావత్తా?" అంది కవిత, నవ్వాపుకుంటూ. ఇంటిల్లిపాదీ కొట్టం వైపు చూశారు. గేదె జొన్నచొప్ప నములుతూ వాళ్ళ వైపు చూసింది.

"ఇచ్చేదేముంది?" అన్నాడు వెంకటయ్య. "అది పుట్టినకాడ్నించి మంగళవారం నీసు ముట్టిందా? ఒక్క మంగళవారమేంది, ఏడు వారాలూ ఉంటంది. నువ్వు దాని వారాన్ని ఊరికే మోస్తన్నావే ఇన్నేళ్ళూ."

అంకమ్మ ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా తప్పు దొరకలేదు. ఆంజనేయసామి పటానికి దండం పెట్టి, "విన్నావుగా," అంది. ఆ తర్వాత చాలాసేపు నవ్వింది. పరంజా మీద కళ్ళు తిరిగిన రోజు నుంచి ఆమె అట్లా నవ్వడం అదే మొదలు.

ఆ పూటే అంకమ్మ సంచీ పట్టుకుని ఖలందర్ చికెన్ కొట్టుకు వెళ్ళింది. సోమవారం ఖలందర్‌కు బేరాలుండవు. బల్ల మీద పేపరు చదువుకుంటున్నాడు. ఊళ్ళో ఎవరికి ఏ వారం ఉందో పూజారి కంటే అతనికి బాగా తెలుసు.

"అక్కా, ఇయ్యాల సోమవారం. మర్చిపోయావా?"

"సోమవారం మా కోటిబాబుది. నాది శుక్రవారం ఒక్కటే."

ఖలందర్ పేపరు మడిచాడు. కథంతా విని, గేదె దగ్గరికొచ్చేసరికి కత్తి పక్కన పెట్టేసి నవ్వాడు. "స్కిన్‌లెస్ అరకిలో. కార్జం నా తరఫున. నాలుగు రోజులు తినే మనిషి నాకు ఈ ఊళ్ళో ఇంకెవరున్నారు?"

పక్క బడ్డీలో తమలపాకులు కొంటున్న హనుమాయమ్మ మొహం చిట్లించింది. "ఈ ఎండల్లో కోడా? వేడి చెయ్యదంటే?"

"కోడికి వేడి లేదు పిన్నీ," అన్నాడు ఖలందర్. "మీరేసే కారానికుంది వేడి."

కవిత కారం తగ్గించింది. ఇంట్లో కూర చప్పబడిందని గొణుగుడు మొదలై నాలుగు రోజులకు తగ్గింది. గరిటె తన చేతిలో లేకపోవడం మొదట్లో అంకమ్మకు ఎక్కడో దురద పెట్టినట్టుండేది. కంచంలో పడ్డ ముక్కను పక్కకి జరిపి, సౌందర్య అటు రాగానే దాని నోట్లో పెట్టబోయేది. "నానమ్మా, నాకు పడింది. నీది నువ్వు తిను," అనేది ఆ పిల్ల, తల్లి నేర్పినట్టే. అట్లా తింటూ తింటూ ఒక బుధవారం, యాభై ఏళ్ళ వయసులో, కాలు ముక్కలో ఎముక పక్కనున్న కండ రొమ్ము ముక్కకంటే మెత్తగా ఉంటుందని అంకమ్మ కనిపెట్టింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే మీకిన్నాళ్ళూ తెలుసా అని అడగాల్సొస్తుంది.

జూన్ మొదటి వారంలో పేట వెళ్తే పదకొండూ రెండు వచ్చింది. "మాత్రలు మానొద్దు, తిండి మానొద్దు," అంది డాక్టరమ్మ. గమేళా సంగతి అంకమ్మ అడక్కముందే, "పొద్దున పూట మొయ్యి. మధ్యాన్నం ఎండలో వద్దు. కళ్ళు తిరిగినట్టుంటే పక్కమనిషికి ఇచ్చెయ్యి," అంది.

"అది నాకు తెలుసండి," అంది అంకమ్మ.

మేస్త్రీ నాగేశ్వరరావు ఖాళీ చూసుకుని చెప్పిన రోజు శనివారం. వెంకటయ్య ఆదివారం కుదరదా అని రెండుసార్లు అడిగాడు. కుదరదన్నాడు మేస్త్రీ. స్లాబు రోజున కూలీలకు ఇంటివాళ్ళు బిర్యానీ పెట్టడం ఆ ఊరి రివాజు. శనివారమైనా అది తప్పదు. దిష్టికి మాత్రం కోడి బదులు గుమ్మడికాయ కొట్టారు. బిర్యానీ పని ఖలందర్ తమ్ముడు మక్బూల్ చూసుకున్నాడు.

ఆరు గంటలకు మిల్లరు మొదలైంది. అంకమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, తలకు తువ్వాలు చుట్టి, పైమెట్టు ఎక్కింది. పైన గమేళా అందుకునేవాడు వెంకటయ్య. మొదటి గమేళా చేతుల్లోకి వచ్చినప్పుడు ఆమె ఒక్క క్షణం దాని బరువు చూసుకుంది. మామూలు బరువే. ఎత్తి ఇచ్చింది. రెండోది వచ్చింది. యాభయ్యోదాని దగ్గర లెక్క వదిలేసింది. పదకొండు కాగానే ఎవరూ చెప్పకముందే, చేతిలో గమేళాను పక్కనున్న కవితకు అందించి కిందికి దిగింది. వరస ఆగలేదు.

ఒంటిగంటకు పొట్లాలు పంచారు. ఇన్నేళ్ళూ స్లాబు రోజున తన పొట్లం విప్పకుండా కొంగున కట్టుకుని ఇంటికి తీసుకెళ్ళిన అంకమ్మ, ఇవాళ ఇల్లే ఎదురుగా ఉంటే, ఇసక కుప్ప నీడలో కూర్చుని రబ్బరు బ్యాండు లాగేసింది. పైనే కాలు ముక్క ఉంది. తీరిగ్గా తినడం మొదలుపెట్టింది.

వెంకటయ్య పప్పన్నం, గోంగూర పచ్చడి పెట్టుకుని వచ్చి పక్కన కూలబడ్డాడు. రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్దకు ఆగి పెళ్ళాం చేతిలోని ముక్కను చూశాడు.

"ఎట్టుందే?"

"ఉప్పు కాస్త తక్కువయింది."

ఇంకో ముద్ద తిన్నాడు. చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"ముక్కొద్దులే. పొద్దున్నించీ పైన నిలబడ్డా గదా. ఆ పొట్లంలో గ్రేవీ ఉంది చూడు, ఒక్క చుక్క ఇట్టా పొయ్యి."

అంకమ్మ ఎముక పక్కన పెట్టి, వేళ్ళు నాకి, మొగుడి వంక చూసింది.

"పులుసు కూడా నీసేనయ్యా," అంది.